ముంపులో ఉన్నవాడికి కావలసిన వార్త

2011 మార్చి 11 మధ్యాహ్నం వచ్చిన భూకంపం, దాని వెంటే వచ్చిన సునామీ జపాన్ ఈశాన్య తీరాన్ని ముంచేశాయి. ఇషినోమాకి అనే రేవు పట్టణంలో వేల మంది చనిపోయారు, గల్లంతయ్యారు. ఆ ఊళ్లో ఇషినోమాకి హిబి షింబున్ అని ఒక చిన్న సాయంకాల పత్రిక ఉంది. ప్రెస్సులోకి నీళ్లొచ్చాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు పత్రిక అచ్చువేసే దారి లేదు. అప్పుడు ఆ పత్రిక సిబ్బంది తడవకుండా మిగిలిన న్యూస్‌ప్రింట్ రీలు నుంచి పొడవాటి కాగితాలు కత్తిరించుకుని, టార్చి వెలుగులో, మార్కర్ పెన్నులతో పెద్ద అక్షరాల్లో వార్తలు రాశారు. నకళ్లు కూడా చేత్తోనే తీశారు. వాటిని పట్టుకెళ్లి జనం తలదాచుకున్న కేంద్రాల్లో గోడలకు అంటించారు. అలా ఆరు రోజులు. ఖచ్చితమైన సమాచారాన్ని బట్టే నడుచుకోండని మొదటి రోజు గోడపత్రికలోనే జనాన్ని కోరారు. ఆ తర్వాత సాయం ఎక్కడిదాకా వచ్చింది, ఏ పేట పరిస్థితి ఎలా ఉంది, కరెంటు ఎక్కడ వచ్చింది అనేవి రాస్తూ పోయారు. తర్వాత ఆ కాగితాలను వాషింగ్టన్‌లోని పత్రికల మ్యూజియం సేకరించి భద్రపరిచింది. ప్రపంచమంతా అప్పటికే సునామీ దృశ్యాలను హెలికాప్టర్ కెమెరాల్లోంచి చూసేసింది. ఆ ఊరివాళ్లు మాత్రం చూడలేదు, వాళ్ల దగ్గర టీవీ పనిచేయడం లేదు. వాళ్లకు దక్కిన వార్తల్లా ఆ గోడమీద కాగితమే.

విపత్తు వేళ, యుద్ధం వేళ పత్రికలూ టీవీలూ ఏం చేయాలన్న చర్చ మన దగ్గర తరచు వేగం, సంయమనం, మర్యాద అనే మాటల చుట్టూ తిరుగుతుంది. శవాలను చూపించకూడదు, ఏడుస్తున్న తల్లి ముందు మైకు పెట్టకూడదు అంటాం. నిజమే, పెట్టకూడదు. కానీ అసలు ప్రశ్న అంతకంటే ముందుది. ఈ వార్త ఎవరి కోసం? ఆపదలో చిక్కుకున్నవాళ్ల కోసమా, దూరంగా కూర్చుని చూసేవాళ్ల కోసమా? ఇద్దరికీ వార్త కావాలి, ఆ మాట కాదనను. ఒక్కోసారి ఒకే వార్త ఇద్దరికీ పనికొస్తుంది. కాని ఆపద ముంచుకొచ్చిన గంటల్లో ఈ ఇద్దరి అవసరాలు వేరవుతాయి. అప్పుడు మొదటి హక్కు చిక్కుకున్నవాడిదే. ఆ వరస తలకిందులైన ప్రతిచోటా ప్రాణనష్టమో, కనీసం ఆ ప్రమాదమో కనిపిస్తుంది.

2005 ఆగస్టు 29న అమెరికాలో కత్రినా తుపాను తీరం దాటింది. న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కాపాడే కరకట్టలు తెగి ఊళ్లో దాదాపు 80 శాతం మునిగింది. ఇళ్లు వదిలి వెళ్లలేకపోయినవాళ్లు, ఎక్కువమంది నల్లజాతి పేదలు, సూపర్‌డోమ్ అనే స్టేడియంలోనూ కన్వెన్షన్ సెంటర్లోనూ తలదాచుకున్నారు. లోపల హత్యలు జరుగుతున్నాయని, పసిపిల్లల మీద అత్యాచారాలు జరుగుతున్నాయని, సహాయక హెలికాప్టర్ల మీద కాల్పులు జరుపుతున్నారని టీవీలు దేశమంతా చెప్పాయి. మేయరు, పోలీసు అధిపతి కూడా అవే మాటలు కెమెరాల ముందు అన్నారు. తుపాను తర్వాత మూడో రోజునే మేయరు దాదాపు 1500 మంది పోలీసులను గాలింపు, రక్షణ పనుల నుంచి తప్పించి లూటీలు ఆపడానికి పంపారు. ఇంటి కప్పుల మీద మనుషులు ఇంకా సాయం కోసం చేతులూపుతున్న సమయమది. దాదాపు నెల తర్వాత, సెప్టెంబరు 26న, స్థానిక దినపత్రిక టైమ్స్-పికాయున్ అసలు సంగతి తేల్చి రాసింది. సూపర్‌డోమ్‌లో దొరికిన మృతదేహాలు ఆరు. నలుగురిది సహజ మరణం, ఒకరిది మత్తుమందు మోతాదు మించడం, ఒకరిది ఆత్మహత్య అనుకున్నారు. హత్య ఒక్కటీ లేదు.

నిజం తేల్చింది ఎవరో గమనించండి. అదే పత్రిక సిబ్బంది ఆఫీసు మునుగుతుంటే పేపర్లు పంచే ట్రక్కుల్లో ఊరు దాటారు. మూడు రోజులు కాగితం మీద అచ్చువేయలేక ఇంటర్నెట్‌లోనే పత్రిక నడిపారు. కొందరు మాత్రం మునిగిన ఊళ్లోనే ఉండిపోయి రాశారు. పాఠకులు వాళ్ల ఇరుగుపొరుగులే కాబట్టి, ఏ వీధిలో నీళ్లెంత ఉన్నాయి, ఎవరు క్షేమంగా ఉన్నారు అన్నది వాళ్లకు ప్రాణావసరం. దూరం నుంచి వచ్చిన కెమెరాకు ఆ వీధుల పేర్లు తెలియవు, చూసేవాడికీ అక్కర్లేదు. ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది. నల్లజాతి పేదలంటే ముందునుంచీ ఉన్న భయం ఆ పుకారుకు బలమిచ్చింది. సాయం కోసం చూస్తున్నవాళ్లే సాయానికి వచ్చేవాళ్ల కళ్లకు నేరస్థులయ్యారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ముంబయి. 2008 నవంబరు 26 రాత్రి మొదలైన దాడులు దాదాపు 60 గంటలు సాగాయి. కమాండోలు ఎక్కడ దిగుతున్నారు, హోటల్లో ఏ వైపు వెళుతున్నారు అన్నది ఛానళ్లు నిరంతరాయంగా లైవ్ ఇచ్చాయి. పాకిస్థాన్‌లో కూర్చున్న సూత్రధారులు అవే దృశ్యాలు చూస్తూ ఫోన్లో దుండగులకు సూచనలు చేశారు. 2012 ఆగస్టులో, ఆ దుండగుల్లో ప్రాణాలతో దొరికిన కసబ్ కేసు తీర్పులో, సుప్రీంకోర్టు దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఈ ప్రసారాలు దేశ భద్రతకు ఏ రకంగానూ మేలు చేయలేదనీ, భావప్రకటన స్వేచ్ఛ పేరుతో వీటిని సమర్థించుకోలేరనీ తేల్చింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలను సవరించి, ఉగ్రవాదులపై ఆపరేషన్లు జరుగుతున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించారు. అధికారి ఎప్పటికప్పుడు చెప్పే వివరాలే ఇవ్వాలన్నారు. నిషేధం కంటే నన్ను కలవరపెట్టేది దానికి ముందరి ఆలోచన లోపం. తాజ్, ట్రైడెంట్ హోటళ్ల గదుల్లో లైట్లార్పి మంచాల కింద దాక్కున్న వందల మంది అప్పుడు ఆ వార్తకు అసలు భాగస్వాములు. వాళ్లు ఏ అంతస్తులో ఉన్నారో బయటికి చెప్పకపోవడమే వాళ్లకు కావలసింది. ఇంట్లో సోఫాలో కూర్చున్న ప్రేక్షకుడికి ఆ వివరం గంట ఆలస్యంగా తెలిస్తే పోయేదేమీ లేదు.

అనుభవం నుంచి నేర్చుకున్నామా అంటే 2025 మే నెల సమాధానం చెబుతుంది. పాకిస్థాన్ మీద భారత్ జరిపిన ఆపరేషన్ సిందూర్ తర్వాతి రాత్రుల్లో కొన్ని ఛానళ్లు కరాచీ రేవు ధ్వంసమైందని హోరెత్తించాయి. అది నిజం కాదు. అదే రోజుల్లో జమ్మూలోని పూంచ్ పట్టణం మీద పాకిస్థాన్ ఫిరంగి గుళ్లు పడి, పిల్లలతో సహా పది మందికి పైగా పౌరులు చనిపోయారు. గుండ్లు ఏ పేటల మీద పడుతున్నాయి, బంకరు ఎక్కడుంది, ఏ రోడ్డు తెరిచి ఉంది అన్న ప్రశ్నలు అక్కడి ఇళ్లలో ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్నలు. స్టూడియోల్లో మాత్రం చర్చా కార్యక్రమాలకు ఉద్వేగం కోసం వైమానిక దాడి సైరన్లు వెనకనుంచి మోగించారు. ఆ శబ్దం వాడొద్దని చివరికి పౌర రక్షణ విభాగం ఛానళ్లను ప్రత్యేకంగా కోరాల్సి వచ్చింది. రోజంతా టీవీలో సైరన్ మోగుతుంటే నిజమైన సైరన్ మోగినప్పుడు జనం పట్టించుకోరన్నది ఆ విభాగం భయం. చూసేవాడి గుండె దడ పెంచడానికి వాడిన శబ్దం, సరిహద్దు ఊళ్లలో మనిషిని లేపాల్సిన శబ్దం ఒకటే కావడంలోనే నేను చెప్పే మాటంతా ఉంది.

తెలుగు తీరానికి ఈ విషయం కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పది వేల మందికి పైగా పోయారు. అదే కృష్ణా తీరాన్ని 1990 మే 9న దాదాపు అంతే తీవ్రతతో మరో తుపాను తాకింది. అప్పుడు మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. ఈ తేడా ఘనతంతా వార్తలకే ఇవ్వడం అన్యాయం. మధ్య కాలంలో తుపాను షెల్టర్లు కట్టారు, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, 1990లో లక్షల మందిని ముందే తరలించారు. కానీ 1980ల మధ్యలో ఇన్‌శాట్ ద్వారా తీర ప్రాంతాలకు నేరుగా హెచ్చరికలు పంపే వ్యవస్థ కూడా వచ్చింది. ఆ ఊళ్లకు నేరుగా, వాళ్ల భాషలో, వాళ్ల కోసం సమాచారం చేరడం ఆ తేడాలో ఒక భాగం. 1977లో తుపాను వస్తోందన్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు. అది లంక ఊళ్ల గుడిసెల దాకా, నమ్మి కదిలేంత స్పష్టంగా వెళ్లలేదు.

ఇప్పటికీ తుపాను వార్త ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. వాయుగుండం తీవ్ర తుపానుగా మారి, మచిలీపట్నానికి ఆగ్నేయంగా ఫలానా దూరంలో కేంద్రీకృతమై ఉందంటారు. ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటారు. ఆ నంబర్లు ఓడల కోసం పుట్టినవి. పదకొండో నంబరుకు, అంటే అన్నిటికంటే పైదానికి, వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఓడ కెప్టెనుకు అది తెలుస్తుంది. నాగాయలంకలో రొయ్యల చెరువు మీద కాపలా ఉన్న మనిషికి ఆ అంకె ఏం చెబుతుంది? గాలి వేగం గంటకు 120 కిలోమీటర్లు అంటే తాటాకిల్లు నిలవదని, పెంకులూ రేకులూ లేచి మీద పడతాయని చెప్పాలి. ఉప్పెన రెండు మీటర్లు అంటే ఏ ఊరి రోడ్డు ఎప్పటికి మునుగుతుందో, దానికంటే ముందు చివరి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో చెప్పాలి. ఏ స్కూలు తెరిచారు, గొడ్లను తోలుకు రావచ్చా, వలలు ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి చెప్పాలి. తీరం ఊళ్లలో మనుషులు కదలకపోవడానికి మొండితనం కారణమని తేలిగ్గా రాసేస్తారు. గొడ్డును వదలలేక, పడవకు, ఇంటి సామానుకు కాపలా ఉండక తప్పక, గతసారి కేంద్రంలో తిండీ నీళ్లూ సరిగా అందక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆ కారణాలను రెండు రోజుల ముందు రాస్తే అధికారులు కనీసం కొన్నిటికైనా మందు వేయగలరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నం మీదుగానే పోయింది. కన్ను దాటేటప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోతుంది, ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందనుకుని జనం బయటికొస్తారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే ఉధృతితో మళ్లీ విరుచుకుపడుతుంది. ఈ ఒక్క సంగతి ముందురోజు పెద్దక్షరాల్లో వేస్తే, పదిసార్లు చదివితే, అది సహాయ సామగ్రితో సమానం. ఆ తుపానులో విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఇక్కడ తల్లిదండ్రులున్న కొడుకులు, కూతుళ్లు హైదరాబాదులోనూ అమెరికాలోనూ టీవీల ముందు కూర్చున్నారు. వాళ్లు దూరపు ప్రేక్షకులే అయినా వాళ్లకు కావలసింది పేట పేరు, వీధి పేరు. విరిగిన చెట్టు ముందు నిలబడి తడుస్తూ అరిచే విలేకరి వాళ్లకూ ఏమీ చెప్పడు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. బయటివాళ్లు చూడకపోతే సాయం ఎక్కడినుంచి వస్తుంది? దానికి 1943 బెంగాల్ కరువు పెద్ద సాక్ష్యం. యుద్ధకాలపు ఆంక్షల మధ్య ఆకలి చావులను కప్పిపెట్టారు. ఆ ఏడాది ఆగస్టు 22న కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రిక, ఆంగ్లేయుల యాజమాన్యంలోని పత్రిక, వీధుల్లో పడి ఉన్న అన్నార్తుల ఫోటోలు అచ్చువేసింది. సంపాదకుడు ఇయన్ స్టీఫెన్స్. ఢిల్లీ, లండన్ అధికారులు కళ్లు మూసుకోలేని పరిస్థితి అక్కడినుంచే మొదలైంది. ప్రభుత్వ విచారణ సంఘం మృతులు 15 లక్షలని అంచనా వేసింది, తర్వాతి పరిశోధకులు 30 లక్షల వరకూ లెక్కగట్టారు. స్వేచ్ఛగా రాసే పత్రికలూ ఎన్నికలూ ఉన్న దేశంలో పెద్ద కరువు రాదని అమర్త్య సేన్ చేసిన వాదనకు ఈ అనుభవం కూడా ఆధారమే. కాబట్టి దూరపు చూపు అనవసరమని నేను ఎలా అనగలను? అయితే స్టేట్స్‌మన్ ఏం చేసిందో చూడండి. ఫోటోలతో ఊరుకోలేదు. వాటి వెంట సంపాదకీయాల మీద సంపాదకీయాలు రాసి, పాలకుల చేతగానితనాన్ని నిలదీసింది. చూపు ఒక పనికి, ఒక బాధ్యుడికి గురిపెట్టి ఉంది. ఆ గురి వల్లే ఫోటోలోని మనిషికి మేలు జరిగింది, ఆలస్యంగానైనా. గురి లేని దృశ్యం జాలి పుట్టించి వెళ్లిపోతుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. చిక్కుకున్నవాళ్లకు పనికొచ్చే సమాచారమంటే చివరికి అధికారుల ప్రకటనలను మోయడమే కదా, జనం భయపడతారని చెప్పి నిజాన్ని దాచే ప్రభుత్వాలకు ఇది సాకు కాదా అని. ఈ భయానికి కారణముంది. భయాందోళనలు రేపొద్దన్న మాటను పాలకులు ఎన్నోసార్లు తమ లోపాల మీద దుప్పటిగా కప్పారు. కానీ 2021లో గుజరాతీ పత్రికలు చేసిన పని చూస్తే సమాధానం దొరుకుతుంది. కోవిడ్ రెండో ఉధృతిలో వాళ్ల విలేకరులు ఆసుపత్రి శవాగారాల బయట, శ్మశానాల దగ్గర నిలబడి మృతదేహాలను లెక్కపెట్టారు. ఆ ఏడాది మార్చి 1 నుంచి మే 10 వరకు 71 రోజుల్లో రాష్ట్రంలో 1.23 లక్షల మరణ ధ్రువపత్రాలు ఇచ్చారని, అంతకు ముందు ఏడాది అదే కాలంలో ఇచ్చినవి దాదాపు 58 వేలేనని దివ్య భాస్కర్ రాసింది. ప్రభుత్వం చెప్పిన కోవిడ్ మరణాలు ఆ రోజుల్లో 4,218. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2021 మే నెలలో నమోదైన మొత్తం మరణాలు మామూలు మే నెలల కంటే దాదాపు ఐదు రెట్లని పౌర నమోదు లెక్కల ఆధారంగా తర్వాత విలేకరులు బయటపెట్టారు. ఇది ప్రకటనలు మోయడమా? ఎంత పెద్ద ఆపద నడుస్తోందో తెలిస్తేనే ఇంట్లోవాళ్లు జాగ్రత్తపడతారు, పెళ్లి వాయిదా వేస్తారు, ఆక్సిజన్ ఎక్కడుందో ముందే వాకబు చేస్తారు. చిక్కుకున్నవాడికి అందరికంటే ఎక్కువగా కావలసింది నిజమే. ప్రభుత్వం తప్పు చెబితే దానికి బలయ్యేది అతనే గనక, దాన్ని సరిచూడటం అతని సేవలో మొదటి పని.

పోటీ ఉంది, రేటింగులున్నాయి, ఆగితే వెనకబడతాం అనే మూడో మాట కూడా వినిపిస్తుంది. దానికి పెద్ద జవాబు అక్కర్లేదు. పోటీ ఉన్న ఊళ్లోనే కొన్ని పత్రికలు శవాలను లెక్కపెట్టి నిలబడ్డాయి.

అన్నిటికంటే తక్కువ పోటీ ఉన్నదీ, అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడేదీ ఆపదకు ముందరి పని. టైమ్స్-పికాయున్ కరకట్టలు తట్టుకోలేవని 2002లోనే ఐదు భాగాల కథనం వేసింది. కత్రినా మూడేళ్ల తర్వాత వచ్చింది. భోపాల్‌లో రాజ్‌కుమార్ కేస్వానీ తన చిన్న హిందీ వారపత్రిక రపట్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఊరిని కాటేస్తుందని 1982లోనే రాశారు. 1984 జూన్‌లో జనసత్తాలో మళ్లీ రాశారు. డిసెంబరు 2 రాత్రి విషవాయువు ఊరిమీద పడింది. ఎవరూ వినలేదు కాబట్టి ముందు రాయడం వృథా అనొచ్చు. నా లెక్కలో దానివల్ల తేలేది వేరు. ఒక్క విలేకరి ఒంటరిగా రాశారు. పది పత్రికలు, నెలనెలా రాసి ఉంటే ఏమయ్యేదో చూసే అవకాశం భోపాల్‌కు రాలేదు.

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం ఇళ్లలోకి చొరబడి 12 మందిని చంపింది. ఫ్యాక్టరీకి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీ ఏడాది ముందే, 2019లో, ప్రభుత్వానికి ఇచ్చిన పత్రంలో రాసుకుంది. ఆ సంగతి ప్రమాదం తర్వాత పత్రికలకెక్కింది. ఆ రాత్రి సైరన్ కూడా మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది. ఫ్యాక్టరీ గోడకు ఇవతల నిద్రపోతున్నవాళ్ల కోసం ఆ పత్రంలో ఏముందో, సైరన్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారో ఒక మామూలు మంగళవారం నాడు జిల్లా పేజీలో వచ్చి ఉండాల్సింది.

అలాంటి వార్త రాయగల యంత్రాంగం తెలుగు పత్రికలకు ఉంది. 1980ల చివర్లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టిన తర్వాత మండలం దాకా విలేకరి లేని తెలుగు పత్రిక నిలబడలేకపోయింది. దేశంలో చాలా భాషలకు ఇంత లోతైన అల్లిక లేదు. ఏ చెరువు గట్టు బలహీనంగా ఉంది, ఏ షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంది, ఏ ఫ్యాక్టరీ రాత్రిపూట గ్యాస్ వదులుతోంది అన్నది ఆ మండల విలేకరికి తెలుసు. అతనికి చాలాచోట్ల జీతం లేదు, అచ్చయిన వార్త కొలతను బట్టి నాలుగు డబ్బులు వస్తాయి. వరదలో బైకు మీద వెళ్లేటప్పుడు లైఫ్ జాకెట్ లేదు, బీమా లేదు. ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి పైనుంచి, రాయొద్దనే ఒత్తిడి ఊళ్లోంచి ఉంటాయి. షెల్టరు తాళం గురించి రాసిన నాలుగు లైన్లకు వచ్చేది, కూలిన ఇంటి ఫోటోకు వచ్చే దానికంటే తక్కువ. ఆ చెల్లింపు లెక్కను యాజమాన్యాలు ఈ ఈశాన్య రుతుపవనాల లోపే తిరగరాయగలవు. దానికి కొత్త చట్టం, కొత్త కెమెరా ఏవీ అక్కర్లేదు.